ఏషియన్ గేమ్స్‌లో మనకి అసలు పోటీ ఎవరితో? పాకిస్తానా, చైనానా, కొరియానా?

సాయంత్రం_గ్రౌండ్
అందరికీ నమస్తే. 2026 సెప్టెంబరు 19 నుంచి జపాన్‌లోని నగోయాలో ఏషియన్ గేమ్స్ కదా, అందుకే ఇప్పట్నుంచే ఈ మాట ఎత్తుతున్నా. మొన్న మా ఆఫీసు క్యాంటీన్‌లో ఒకాయన పారిస్ ఒలింపిక్స్ పతకాల పట్టిక ఫోన్‌లో తీసి అందరికీ చూపించాడు. పాకిస్తాన్ 62వ స్థానం, మనం 71. వాళ్ళకి ఒక్కటే పతకం, మనకి ఆరు, అయినా వాళ్ళే పైన. ఇంక చూస్కోండి పావుగంట ఒకటే గోల, ఒకరు పట్టికే తప్పంటారు, ఇంకొకరు మన దేశం ఇంతే అంటారు. నాకు కడుపు మండింది ఎక్కడంటే, అంతసేపట్లో ఆ ఆరూ ఎవరెవరివో ఒక్కరూ పూర్తిగా చెప్పలేకపోయారు. మను భాకర్, నీరజ్, హాకీ, అక్కడితో ఆగిపోయారు. సరబ్‌జోత్ సింగ్, స్వప్నిల్ కుసాలే, అమన్ సెహ్రావత్, ఈ ముగ్గురి పేర్లూ ఎవరికీ గుర్తు రాలేదు.

అందుకే అడుగుతున్నా. మనం ఎవర్ని చూసి పోటీ పడుతున్నాం? పాకిస్తాన్ కంటే పైనుంటే చాలా? చైనా సంగతి అసలు అనుకోకూడదా? మీకు తెలిసిన ఆట గురించే రాయండి, దగ్గర్నుంచి చూసింది రాస్తే ఇంకా మంచిది.

లెక్కల_మాస్టారు
మంచి మాట ఎత్తావు తమ్ముడూ. ముందు ర్యాంకు గొడవ తేల్చేద్దాం. స్వర్ణాలు ముందు చూస్తారు, అవి సమానమైతే రజతాలు, ఆ తర్వాత కాంస్యాలు. మనకి 1 రజతం, 5 కాంస్యాలు, వాళ్ళకి 1 స్వర్ణం. కాబట్టి వాళ్ళే పైన, అందులో అన్యాయం ఏం లేదు. అమెరికా పేపర్లు మాత్రం మొత్తం పతకాల లెక్కన పట్టిక వేసుకుంటాయి. పారిస్‌లో అమెరికాకీ చైనాకీ చెరి 40 స్వర్ణాలు, రజతాలు 44, 27 కాబట్టి అమెరికా ముందు నిలబడింది. ఆ 40వది ఎలా వచ్చిందో తెలుసా, ఆఖరి రోజు ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ ఫైనల్లో ఫ్రాన్స్ మీద 67-66. ఒక్క పాయింటు. అది పోయుంటే పట్టికలో పైన చైనా ఉండేది.

ఇక హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్, 2023లో జరిగినవి. చైనా 201 స్వర్ణాలు, మొత్తం 383. జపాన్ 52 స్వర్ణాలు, కొరియా 42, మనం 28. మొత్తం మీద మనకి 107, చరిత్రలో మొదటిసారి వంద దాటాం. ఇక్కడ ఒక సంగతి చూడండి. ఒక్క స్విమ్మింగ్‌లోనే 41 ఈవెంట్లు, అందులో చైనాకి 28 స్వర్ణాలు. మనకి కాంస్యం కూడా లేదు. మనకి ఏషియన్ గేమ్స్ స్విమ్మింగ్‌లో వచ్చిన ఒకే ఒక్క వ్యక్తిగత స్వర్ణం 1951లో సచిన్ నాగ్‌ది. హాకీ జట్టు మొత్తం రెండు వారాలు ఒళ్ళు హూనం చేసుకుంటే పట్టికలో పడేది ఒకటే అంకె, మంచి స్విమ్మర్ ఒక్కడు వారం తిరిగేసరికి మూడు నాలుగు పట్టుకుపోతాడు. చైనా మొత్తంతో మన మొత్తాన్ని పోల్చడమంటే చెరువులో దిగకుండా చేపల లెక్క అడగడమే.

సూటిగా
మాస్టారూ అలా అయితే చెరువులో దిగడం ఎవరు ఆపారు మనల్ని? 70 ఏళ్ళు దాటింది కదా సచిన్ నాగ్ గెలిచి.

లెక్కల_మాస్టారు
ఎవరూ ఆపలేదు, నిజమే. 50 మీటర్ల కొలను మీ జిల్లాలో ఎన్ని ఉన్నాయో, వాటిలో ఏడాది పొడవునా నీళ్ళుండేవి ఎన్నో ఒకసారి వాకబు చెయ్యండి, నేను మా జిల్లాలో చేశాను కాబట్టే చెప్తున్నా.

షార్జా_జగిత్యాల
నేను తొమ్మిదేండ్ల సంది షార్జాల ఉంటున్న. మా రూంల ఆరుగురం, ఇద్దరం జగిత్యాలోళ్ళం, ఒకాయన నేపాలీ, ముగ్గురు పాకిస్తానోళ్ళు. పాకిస్తాన్ ముచ్చట వచ్చింది కాబట్టి 2024 ఆగస్టు 8 రాత్రి సంగతి చెప్త. జావెలిన్ ఫైనల్ మా టైం పది ఇరవై అయిదుకు షురూ అయింది. పొద్దుగాల నాలుగున్నరకు బస్సు, అయినా ఎవ్వలు పండుకోలే. ఒక్కటే ఫోను, దాన్ని కుక్కర్‌కు ఆనిచ్చి పెట్టినం, ఆరుగురం కింద కూసున్నం. అర్షద్ నదీమ్ మొదటి త్రో ఫౌల్. మేమిద్దరం లోపల లోపల ఖుష్ అయినం, అబద్ధమెందుకు. రెండోది ఏసిండు, 92.97. రూంల సప్పుడు లేదు. వాళ్ళు సుత ఒర్లలే, అంకె తప్పు పడ్డదేమో అని మల్ల చూపిచ్చేదాంక ఆగిండ్రు. పాత ఒలింపిక్ రికార్డు 90.57, అంటే రెండు మీటర్లకు మీదికే పోయింది. గా తర్వాత మన నీరజ్ 89.45 ఏసిండు. మొత్తం ఆరు త్రోలల్ల గదొక్కటే లెక్కకొచ్చింది, తక్కిన అయిదు ఫౌల్. ఆఖరికి అర్షద్ మల్ల 91.79 ఏసిండు.

అయిపోయినంక వాళ్ళల్ల పెద్దాయన లేచి ఆరుగురికి చాయ్ పెట్టిండు. మాకు ముందు ఇచ్చిండు. ఒక్క మాట అనలే. తెల్లారి నీరజ్ వాళ్ళమ్మ మాట్లాడిన వీడియో వచ్చింది, గోల్డ్ కొట్టినోడు సుత మా పిలగాడే అన్నది. అది పెద్దాయన డ్యూటీల నా కాడికొచ్చి చూపిచ్చిండు, కండ్ల నిండ నీళ్ళు. గా ఏడాది మార్చిలనే అర్షద్ కాడ సరైన జావెలిన్ లేదని తెలిసినప్పుడు, గిసొంటోనికి జావెలిన్ దొరకకపోవుడు ఏంది అని బయటికి చెప్పింది నీరజే. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌ల ఇద్దరు పోడియం మీద చేతులు కలిపిండ్రు, నీరజ్‌ది గోల్డ్, అర్షద్‌ది బ్రాంజ్. నాకైతే పోటీ అంటే గట్లుండాలె అనిపిస్తది. మీ క్యాంటీన్ల 62, 71 అని లొల్లి పెట్టుకున్నోళ్ళకు గీ సంగతి చెప్పున్రి అన్నా.

సాయంత్రం_గ్రౌండ్
తప్పకుండా చెప్తా అన్నా. ఆ చాయ్ మాట చదివాక కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా.

సూటిగా
జగిత్యాలన్నా, మనసు నిండింది. కానీ నా మాట నేను చెప్పాలి. ఏషియన్ గేమ్స్ లెక్కలో పాకిస్తాన్ ఇప్పుడు మనకి పోటీయే కాదు. హాంగ్‌ఝౌలో వాళ్ళకి మొత్తం మూడే పతకాలు, అర్షద్ గాయంతో తప్పుకున్నాడు. హాకీలో మనం 10-2 తో గెలిచాం. 1982లో ఢిల్లీ ఫైనల్లో అదే పాకిస్తాన్ మనల్ని మన గడ్డ మీదే 7-1 తో కొట్టింది, ఆ రోజులు వేరు. హాంగ్‌ఝౌలో నిజంగా గుండె ఆగిన మ్యాచ్ ఏదంటే స్క్వాష్ ఫైనల్. లీగ్ దశలో పాకిస్తాన్ చేతిలో 2-1 తో ఓడి, ఫైనల్లో మళ్ళీ వాళ్ళే ఎదురైతే ఆఖరి మ్యాచ్‌లో అభయ్ సింగ్ గెలిపించాడు, 2-1. ఎంతమంది చూశారు? పాకిస్తాన్ అంటే క్రికెట్టే గుర్తొస్తుంది మనకి, అదే నా బాధ.

పాతబస్తీ_ఫుట్‌బాల్
బాబూ మీరంతా ఇప్పటి లెక్కలు చెప్తున్నారు, ఒక పాత లెక్క వినండి. 1962 జకార్తా. మన ఫుట్‌బాల్ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, మన హైదరాబాదీ. ఇండోనేషియా వాళ్ళు ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ గేమ్స్‌కి రానివ్వలేదు, దాన్ని మన దేశం తరఫున జి.డి. సోంధీ గట్టిగా తప్పుపట్టారు. అంతే, ఊరు ఊరంతా మన మీద తిరగబడింది. ఫైనల్ రోజు స్టేడియం నిండా జనం, మనవాళ్ళు బంతి తాకితే చాలు ఒకటే ఈలలు, అరుపులు. ఎదురుగా దక్షిణ కొరియా, మొదటి మ్యాచ్‌లో మనల్ని 2-0 తో ఓడించిన జట్టు. జర్నైల్ సింగ్ తలకి కుట్లు, రహీం సాబ్ ఆయన్ని డిఫెన్స్ నుంచి తీసి ముందుకి ఫార్వర్డ్‌గా పంపాడు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ తలతో ఒకటి. 2-1, స్వర్ణం మనది. ఆ హోరులో మన కోసం అరిచింది ఎవరనుకున్నారు, పాకిస్తాన్ హాకీ జట్టు కుర్రాళ్ళు. మన ఆటగాళ్ళు పెద్దయ్యాక కూడా ఈ మాట చెప్పుకునేవాళ్ళు.

రహీం సాబ్‌కి అప్పటికే క్యాన్సర్, మరుసటి ఏడాదే పోయారు. ఆ తర్వాత ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకి వచ్చింది 1970లో ఒక్క కాంస్యం, అంతే. మా నాన్న ఆ ఫైనల్ సంగతి చెప్పేటప్పుడు పళ్ళెంలో మెతుకులతో మైదానం గీసి చూపించేవారు, జర్నైల్ ఎక్కడ నిలబడ్డాడో ఒక ఉల్లిపాయ ముక్క పెట్టి. కొరియాతో మనం సమానంగా ఆడిన రోజులు ఉన్నాయి బాబూ. వాళ్ళు ఎక్కడికి పోయారు, మనం ఎక్కడ ఆగిపోయాం. అది తలుచుకుంటే నాకు పాకిస్తాన్ గుర్తుకే రాదు.

కూత_కబడ్డీ
పెద్దాయన మాటకి నమస్కారం. నా ఆట కబడ్డీ, పల్నాడులో ఊరి జట్టుకి ఇప్పటికీ కూతకి వెళ్తా. మాకు ప్రత్యర్థి ఎవరో చెప్పమంటే నిద్రలో లేపి అడిగినా ఇరానే. 1990 నుంచి 2014 దాకా మగవాళ్ళ స్వర్ణం వరసగా ఏడుసార్లు మనదే. 2018 జకార్తా సెమీస్‌లో ఇరాన్ 27-18 తో కొట్టేసింది. ఆ మర్నాడే ఆడవాళ్ళ ఫైనల్ కూడా ఇరాన్‌కే, 27-24. ఆ ఇరాన్ ఆడవాళ్ళ జట్టుకి కోచ్ ఎవరో తెలుసా, శైలజా జైన్, మన నాసిక్ ఆవిడ. ఆవిణ్ణి తప్పుపట్టే వాళ్ళని చూశా, నాకు మాత్రం ఆవిడ మీద గౌరవమే. మనం వాడుకోని విద్య ఆవిడ అక్కడికి పట్టుకెళ్ళింది.

హాంగ్‌ఝౌ ఫైనల్ గురించి చెప్పకుండా ఉండలేను. 28-28, నిమిషం చిల్లర ఉంది, పవన్ సెహ్రావత్ డూ ఆర్ డై రైడ్, అంటే పాయింటు తేకపోతే తనే ఔట్. ఎవర్నీ ముట్టుకోకుండానే మ్యాట్ అంచున ఉండే లాబీలోకి వెళ్ళిపోయాడు, ఇరాన్ డిఫెండర్లు అతని వెనకే లాబీలోకి దూకారు. పాత రూలు ప్రకారం ఒక లెక్క, కొత్త రూలు ప్రకారం ఇంకో లెక్క. రిఫరీలు ఒకసారి ఇటు ఇస్తారు ఒకసారి అటు ఇస్తారు, రెండు జట్లూ మ్యాట్ మీద కూర్చుండిపోయాయి, దాదాపు గంట ఆట ఆగిపోయింది. ఆఖరికి మనకి పాయింట్లు వచ్చి 33-29 తో గెలిచాం. గెలిచాం గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఇరాన్ కుర్రాళ్ళ మొహాలే కళ్ళ ముందు. తర్వాత రెండు మూడు రోజులకే ప్రో కబడ్డీ వేలం. పవన్‌ని తెలుగు టైటాన్స్ 2.60 కోట్లకి పైగా పెట్టి తీసుకుంది, ఇరాన్ షాద్లూయిని పుణెరి పల్టన్ 2.35 కోట్లకి. మ్యాట్ మీద కొట్టుకున్న వాళ్ళే మన లీగ్‌లో కలిసి ఆడతారు. ఇరాన్‌కి ఇంత ఆట వచ్చిందంటే మన లీగ్ కూడా ఒక కారణం, నేను దాన్ని తప్పనను. ఎదుట గట్టివాడు లేకపోతే ఆట చచ్చిపోతుంది.

సిక్కోలు_బార్‌బెల్
మాది ఆమదాలవలస దగ్గర పల్లె. కరణం మల్లేశ్వరి అక్క ఊరు మాకు సైకిల్ దూరం. సిడ్నీ 2000 ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో ఆమెకొచ్చిన కాంస్యం గురించి అందరికీ తెలుసు, ఎత్తింది ఎంతో ఎంతమందికి తెలుసు? స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240. గెలిచిన చైనా అమ్మాయి లిన్ వెయినింగ్ 242.5, రెండో స్థానం హంగేరీ ఆమెదీ 242.5. రెండున్నర కిలోలు, అంతే తేడా. బార్‌కి అటో చిన్న బిళ్ళ ఇటో చిన్న బిళ్ళ, ఒక్కోటీ కిలోంబావు. అవి మా జిమ్ములో ఎప్పుడూ కిందే పడుంటాయి, చిన్నపిల్లలు ఆడుకుంటారు వాటితో. నేను కొత్తగా చేరినప్పుడు మా గురువుగారు ఆ రెండూ నా చేతుల్లో పెట్టి, ఇదేరా మనకీ చైనాకీ ఉన్న తేడా అన్నారు. ఆఖరి ప్రయత్నంలో అక్క 137.5కి వెళ్ళింది, లేవలేదు. కాంస్యం చాల్లే అనుకోలేదు కదేటి, స్వర్ణం కోసమే వెళ్ళింది. నాకు అదే గొప్ప.

కాబట్టి చైనా సంగతి అనుకోకూడదా అని అడిగారు చూడండి, మొత్తం పట్టికలో అనుకోకండి, ఒక్క బార్ దగ్గర అనుకోవచ్చు.

సాయంత్రం_గ్రౌండ్
అన్నా ఆ బిళ్ళల మాట నా గుండెల్లో ఉండిపోతుంది. చైనా మాట వచ్చింది కాబట్టి మా విశాఖ జ్యోతి యర్రాజీ సంగతి. హాంగ్‌ఝౌ, 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. పక్క లేన్‌లో చైనా అమ్మాయి వూ యాన్ని, గన్ పేలకముందే కదిలింది. ఆ కదలిక చూసి జ్యోతి కూడా కదిలింది. ఇద్దరికీ రెడ్ కార్డు చూపించారు. ఊరు వాళ్ళది, స్టేడియం వాళ్ళది, అరుపులన్నీ వూ కోసమే. జ్యోతి అక్కడే నిలబడి, నాది తప్పు కాదు చూడండి అని అధికారులతో వాదించింది, స్క్రీన్ చూపించమంది. చివరికి ఇద్దర్నీ పరిగెత్తనిచ్చి తర్వాత తేలుస్తాం అన్నారు. అంత గందరగోళం తర్వాత మళ్ళీ బ్లాక్స్‌లో కూర్చుని పది హర్డిల్స్ దాటడం ఎంత కష్టమో పరిగెత్తిన వాళ్ళకే తెలుస్తుంది, నేను కాలేజీలో 400 పరిగెత్తిన వాణ్ణి, ఒక్క ఫాల్స్ స్టార్ట్ అయితేనే కాళ్ళు వణికేవి. 12.91లో మూడో స్థానం, తర్వాత వూని తీసేశారు, జ్యోతికి రజతం. గెలిచింది లిన్ యువెయ్, ఆమె కూడా చైనానే, ఆమె విజయంలో ఏ వంకా లేదు.

సూటిగా
నిఖత్ మర్చిపోయారు. నిజామాబాద్ అమ్మాయి, బాక్సింగ్‌లో రెండుసార్లు వరల్డ్ ఛాంపియన్, పారిస్‌లో సీడింగ్ (గట్టివాళ్ళు మొదట్లోనే ఎదురుపడకుండా ఇచ్చే స్థానం) లేక రెండో బౌట్‌లోనే చైనా వూ యూ ఎదురైంది. ఓడిపోయింది, ఆ వూ యూనే స్వర్ణం కొట్టింది. బాక్సింగ్‌లో మాత్రం నేను చైనా కన్నా ఉజ్బెకిస్తాన్‌ని చూడమంటా. పారిస్‌లో వాళ్ళ మొత్తం స్వర్ణాలు 8, అందులో 5 మగవాళ్ళ బాక్సింగ్‌వే. జనాభా దాదాపు మన తెలంగాణ అంత. బాక్సింగ్, కుస్తీ, జూడో, తైక్వాండో, అన్నీ ఒంటికి ఒళ్ళు తగిలే ఆటలే, తమకి వచ్చింది పట్టుకున్నారు, దాన్నే దున్నుకుంటున్నారు. మనం ఆ పని హాంగ్‌ఝౌలో షూటింగ్‌లో చేశాం, 22 పతకాలు. మన హైదరాబాద్ ఈషా సింగ్ ఒక్కతే నాలుగు తెచ్చింది, 1 స్వర్ణం, 3 రజతాలు.

లెక్కల_మాస్టారు
ఇంకో హెచ్చరిక కూడా ఇక్కడే పెడతా. 2026 జూలై 23 నుంచి గ్లాస్గోలో కామన్వెల్త్ గేమ్స్ ఉన్నాయి. ఈసారి పదే ఆటలు. కుస్తీ లేదు, బ్యాడ్మింటన్ లేదు, హాకీ లేదు, షూటింగ్ లేదు. క్రితంసారి బర్మింగ్‌హామ్‌లో మనకి 61 పతకాలు వస్తే అందులో 12 కుస్తీలోవే, వెళ్ళిన పన్నెండు మందీ పతకం తెచ్చారు. కాబట్టి ఈసారి అంకె పడిపోతే మన పిల్లల్ని తిట్టకండి దయచేసి. 2010 ఢిల్లీలో ఆఖరి రోజు ఉదయానికి ఇంగ్లండ్ స్వర్ణాలు 37, మనం వెనక. బ్యాడ్మింటన్‌లో జ్వాల-అశ్విని జోడీ ఒకటి తెచ్చింది, ఆ తర్వాత సైనా మ్యాచ్ పాయింట్ కాచుకుని మరీ మలేషియా వాంగ్ మ్యూ చూ మీద గెలిచింది, 38. రెండో స్థానం మనది. ఆ రోజు మా స్కూల్లో టీవీ పెట్టించింది నేనే. ర్యాంకు కోసం గుండె కొట్టుకోవడం తప్పని నేననను, ఆ ర్యాంకు వెనక ఉన్న పిల్ల పేరు తెలిసుండాలి, అంతే.

బెజవాడ_బాణం
నేను ఎప్పుడూ చదివి వెళ్ళిపోతాను, ఈసారి రాయాలనిపించింది. మా పాపకి పదమూడేళ్ళు, ఆర్చరీ, అందులో కాంపౌండ్, అంటే చివర్లలో చక్రాలుండే విల్లు. పొద్దున అయిదున్నరకి గ్రౌండ్‌లో దింపుతా. సెకండ్ హ్యాండ్ బో కొనడానికే నా గొలుసు తాకట్టు పెట్టాం, ఇంకా విడిపించలేదు, విడిపిస్తాం.

ఆర్చరీలో కొరియా అంటే ఏంటో దగ్గర్నుంచి చూస్తే గానీ అర్థం కాదండీ. ఆడవాళ్ళ టీమ్ స్వర్ణం 1988 నుంచి పారిస్ దాకా వరసగా పది ఒలింపిక్స్ వాళ్ళదే. పారిస్‌లో అయిదుకి అయిదూ పట్టుకెళ్ళారు. టోక్యోలో మూడు స్వర్ణాలు కొట్టిన ఆన్ సాన్ అనే అమ్మాయికి పారిస్ జట్టులో చోటు దొరకలేదు, ఎందుకంటే అక్కడ పాత పతకాలు చూసి తీసుకోరు, మళ్ళీ సెలక్షన్ ట్రయల్స్‌లో నిలబడాలి. మా బెజవాడ ధీరజ్, అంకిత కలిసి పారిస్ మిక్స్‌డ్‌లో సెమీస్ దాకా వెళ్తే ఎదురుగా ఆ కొరియానే. ఓడి, తర్వాత అమెరికా మీద కాంస్యం కూడా పోయి నాలుగో స్థానం. ఆ రాత్రి మా పాప అన్నం తినలేదు.

కానీ అదంతా రికర్వ్, చక్రాలు లేని విల్లు. కాంపౌండ్‌లో కథ వేరు. హాంగ్‌ఝౌలో మా జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు. వ్యక్తిగత ఫైనల్లో కొరియా సో చే-వాన్ మీద 149-145. 150కి 149 అండీ, పదిహేను బాణాల్లో పోయింది ఒక్క పాయింటు. మిక్స్‌డ్ ఫైనల్లో కూడా కొరియానే, ఓజస్ దేవతళేతో కలిసి 159-158. ఇప్పుడు 2028 లాస్ ఏంజెలిస్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్‌ని ఒలింపిక్స్‌లో పెట్టారు, ఇన్నాళ్ళూ లేనిది. కొరియా వాళ్ళు చూస్తూ కూర్చుంటారా చెప్పండి.

మా పాప బాణాల పౌచ్ లోపలి వైపు ఒక కాగితం అంటించుకుంది. ఏంటా అని చూస్తే సో చే-వాన్ అని రాసి ఉంది, పక్కన 145. జ్యోతి అక్క పేరు రాసుకోవచ్చు కదమ్మా అన్నా. అక్కతో నేను ఆడను కదమ్మా, ఈవిడ వాళ్ళతో ఆడాలి అంది.

కూత_కబడ్డీ
అక్కా పాపకి నా తరఫున ఒక చాక్లెట్. స్కోరు ఎంత వస్తోంది ఇప్పుడు?

బెజవాడ_బాణం
72 బాణాలకి 720 కదండీ, నిన్న 661 వచ్చింది. గాలి ఎక్కువగా ఉంది నిన్న.

సిక్కోలు_బార్‌బెల్
గాలి నగోయాలోనూ ఉంటాది అక్కా, అలవాటు పడనీ. నేనూ రేపట్నుంచి ఆ ఆట చూడ్డం నేర్చుకుంటా, కాంపౌండ్ ఫైనల్స్ ఏ రోజో షెడ్యూల్ వచ్చాక ఇక్కడే పెట్టండి, మా జిమ్ము కుర్రాళ్ళనీ కూర్చోబెడతా.